చేతులు మారినా చేవ తగ్గదు
పాత పనిముట్లు కొనేవారు, అమ్మేవారు తెలుసుకోవాల్సిన సంగతులు

ఆర్మూర్ గ్రామీణం: 'పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలు...' అంటూ మైకు కట్టిన ఆటో వీధిలోకి వచ్చిందంటే చాలు, ఇంటి వెనుక మూలన పడి ఉన్నవన్నీ వాకిట్లోకి వస్తాయి. విరిగిన కుర్చీ కాలు, చిల్లు పడిన బిందె, తుప్పు పట్టిన సైకిల్ చక్రం... వాటితో పాటు ఒక్కోసారి ఒక మనిషి నలభై ఏళ్ల జీవనాధారం కూడా త్రాసు ఎక్కుతుంది.

గత ఏడాది వానాకాలంలో ఈ ప్రాంతంలోని ఒక గ్రామంలో అదే జరిగింది. వయసు మళ్లిన వడ్రంగి ఒకరు కాలం చేశారు. కుమారులిద్దరూ గల్ఫ్‌లో ఉన్నారు. వృత్తిలోకి వచ్చే ఉద్దేశం ఎవరికీ లేదు. నెల మాసికం గడిచాక ఆయన భార్య గోనెసంచిలో ఉన్న సామానును ఆటోవాలాకు తూకానికి ఇచ్చేశారు. సంచి ఇరవై మూడు కిలోలు తూగింది. కొంత నగదు, కొన్ని ఉల్లిగడ్డలు చేతికి వచ్చాయి. వారం తిరగకముందే, ఆయన వద్ద మూడేళ్లు పని నేర్చుకున్న యువకుడు ఆ ఇంటికి వచ్చాడు. గురువు గారి సామాను తనకు ఇస్తే వాయిదాల్లో డబ్బు చెల్లిస్తానని అడిగేందుకు! విషయం తెలిసి నిజామాబాద్ రోడ్డులోని పాత ఇనుము దుకాణానికి పరుగెత్తాడు. అప్పటికే కొయ్య రందలను పగులగొట్టి లోపలి ఇనుప పట్టీలను వేరు చేశారు. చెక్క పొయ్యిలోకి పోయింది. ఏడు ఉలులు, ఒక బాడిశ మాత్రం ఇంకా కుప్పలోనే ఉన్నాయి. తూకానికి కొన్నవే అయినా, అవసరాన్ని కనిపెట్టిన దుకాణదారు వాటిని విడివిడిగా లెక్కగట్టి, మొత్తం సంచికి ఇచ్చిన దానికన్నా ఎక్కువే వసూలు చేశాడు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ ఇల్లాలికి వాటి విలువ తెలియదు. దుకాణదారుది వ్యాపారం. కుర్రవాడు వారం ఆలస్యమయ్యాడు, అంతే. కానీ పనిముట్లు చేతులు మారే తీరు మన పల్లెల్లో ఇలా యాదృచ్ఛికంగా సాగినంత కాలం మంచి ఉక్కు కొలిమిలోకి, పనికిరాని ఇనుము పనివాడి పెట్టెలోకి చేరుతూనే ఉంటుంది.

పాతదే ఎందుకు?

వడ్రంగం మొదలుపెట్టే యువకుడికి కనీసం మూడు నాలుగు కొలతల ఉలులు, రెండు రందలు, పెద్ద రంపం, చిన్న రంపం, బాడిశ, బర్మా, మూలమట్టం కావాలి. అన్నీ నాణ్యమైనవి కొత్తగా కొనాలంటే వేలల్లోనే ఖర్చు. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకం కింద వడ్రంగులు, కమ్మరులు, తాపీ పనివారు, దర్జీలు సహా 18 వృత్తుల వారికి శిక్షణతో పాటు పనిముట్ల కోసం రూ.15 వేల వరకు ఈ-వోచరు ఇచ్చే ఏర్పాటు ఉంది. అర్హులు దానిని వదులుకోనవసరం లేదు. అయితే చేతిపనిముట్లతో పాటు ఒకటి రెండు కరెంటు యంత్రాలూ కొనాలంటే ఆ మొత్తం ఎంతవరకు వస్తుందో పనిలో ఉన్నవారికి వేరే చెప్పక్కర్లేదు. మిగిలిన సగం పెట్టె నిండాలంటే పాత సామానే దిక్కు.

మరో కారణం కూడా ఉంది. పెద్దవాళ్లు 'పాత ఉక్కు వేరు' అంటూ ఉంటారు. అన్నివేళలా అది నిజం కాదు. పాత రోజుల్లోనూ నాసిరకం సామాను వచ్చేది. నిజమేమిటంటే, ముప్పై నలభై ఏళ్లు వాడి కూడా మిగిలిన ఉలి తన పరీక్షను తానే నెగ్గి వచ్చినట్లు లెక్క. నాసిరకానివి ఎప్పుడో విరిగి కుప్పలో కలిసిపోయి ఉంటాయి.

ఉక్కు ప్రస్తావన వచ్చింది కనుక మన జిల్లా వారు గర్వించదగిన మాట ఒకటి. ఇక్కడికి దగ్గర్లోని కోనసముద్రంలో ఒకప్పుడు మట్టి మూసల్లో ఇనుమును కరిగించి అతి గట్టి ఉక్కు దిమ్మెలు తీసేవారు. డమాస్కస్ కత్తులుగా లోకం పిలిచిన ఆయుధాలకు ఇటువంటి దక్కన్ ఉక్కే ఆధారం. పర్షియా నుంచి వర్తకులు ఇక్కడిదాకా వచ్చి కొనుక్కుని వెళ్లేవారు. ఆ తయారీ తీరును వివరిస్తూ వాయిసీ అనే ఆంగ్లేయుడు రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. ఇంగ్లండులోని షెఫీల్డులో 18వ శతాబ్దంలో స్థిరపడిన ఉక్కు తయారీ కూడా మూసల్లో కరిగించే పద్ధతే. అందుకే పాత ఇంగ్లండు ఉలుల మీద 'కాస్ట్ స్టీల్' అని ఇంగ్లిషు అక్షరాల్లో ముద్ర కనిపిస్తుంది. దానిని చూసి పోత ఇనుము అనుకుని పక్కన పెట్టేవారున్నారు. అది పొరపాటు. అది మూస ఉక్కు. దొరికితే విడిచిపెట్టకూడదు.

ఎక్కడ దొరుకుతాయి?

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం అంగడి, పాతబస్తీ వైపు జుమ్మేరాత్ బజార్ పాత సామానుకు పేరుపొందినవి. ఎర్రగడ్డలో తెల్లవారకముందే వెళ్లినవారికే మంచివి దక్కుతాయి. పది దాటితే మిగిలేవి రంగు పూసినవి, చేతి పిడి మార్చినవి. ఆంధ్ర ప్రాంతంలో వాహన విడిభాగాలకు, మెకానిక్ సామానుకు విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. మన దగ్గర పెద్ద గ్రామాల వారపు అంగళ్లలో, పట్టణాల పాత ఇనుము దుకాణాల్లో ఓపికగా వెదికితే దొరుకుతాయి. శనివారం ఇనుము కొనరాదనే పట్టింపు చాలామందికి ఉండటంతో ఆ రోజు దుకాణాల్లో రద్దీ తక్కువ. పట్టింపు లేనివారికి తీరిగ్గా చూసుకునేందుకు, బేరమాడేందుకు అదే అనువైన రోజు!

అన్నింటికన్నా మేలైన మార్గం మాత్రం నేరుగా పనివాడి ఇంటికి వెళ్లడం. చూపు మందగించో, మోకాళ్ల నొప్పులతోనో పని మానేసిన వడ్రంగి, కమ్మరి, మేస్త్రి ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు ఉంటారు. వారి వద్ద కొంటే వస్తువుతో పాటు దాని చరిత్ర కూడా తెలుస్తుంది. ఏ ఉలి ఎంతవరకు నూరాలి, ఏ రందకు ఏ చెక్క పడుతుంది అనే సంగతులు దుకాణంలో చెప్పేవారుండరు.

ఉలిని చదవడం

పాత ఉలి చేతికి తీసుకోగానే చాలామంది అంచు మీద బొటనవేలు పెట్టి పదును చూస్తారు. పదును ఎవరైనా పెట్టగలరు. చూడాల్సింది అది కాదు.

మొదట ఉలి వెనుక వైపు, అంటే చదునుగా ఉండే ముఖాన్ని వెలుతురుకు పట్టి చూడాలి. పదును అనేది రెండు ముఖాలు కలిసే గీత. వాలు వైపు తుప్పు ఉంటే నూరితే పోతుంది. చదును వైపు అంచుకు దగ్గరగా తుప్పు తిని గుంతలు పడితే మాత్రం ఎంత నూరినా ఆ గుంత వద్ద అంచు పళ్లు పళ్లుగా తెగుతుంది. పైపై తుప్పుకు భయపడనక్కర్లేదు, లోతు గుంతలకే భయపడాలి.

రెండోది రంగు. అంచు దగ్గర నీలి మచ్చ కనిపిస్తే ఎవరో కరెంటు సాన మీద ఆగకుండా అదిమి పట్టి నూరారని అర్థం. ఉక్కు వేడెక్కే కొద్దీ ముందు గడ్డి రంగుకు, ఆపై గోధుమ రంగుకు, సుమారు 300 డిగ్రీలకు వచ్చేసరికి నీలి రంగుకు తిరుగుతుంది. నీలి రంగు వచ్చిన చోట ఉక్కు గట్టిదనం కోల్పోతుంది. అటువంటి ఉలి నాలుగు దెబ్బలకే అంచు మడత పడుతుంది. ఆ మచ్చ చిన్నదైతే అంతమేరకు నీళ్లలో ముంచుతూ నెమ్మదిగా నూరి తీసేయవచ్చు. పెద్దదైతే కమ్మరి దగ్గర మళ్లీ కాల్చి గట్టిపరచాల్సిందే. కొనేముందు ఆ ఖర్చును ధరలో తగ్గించమని అడగడం న్యాయమే.

మూడోది ఆకురాయి పరీక్ష. జేబులో ఒక మంచి చిన్న ఆకురాయి పెట్టుకుని వెళితే మోసపోయే అవకాశం తక్కువ. అంచుకు దగ్గరగా మూలన ఒకసారి ఆకురాయి ఆడించి చూడాలి. గాజు మీద జారినట్లు జారితే ఉక్కు గట్టిగా ఉన్నట్లు. సులభంగా కొరికి పొడి రాలితే అది మెత్తని ఇనుము. కమ్మరులు ఇదే సంగతిని సానరాయి మీద రవ్వలను చూసి చెబుతారు. మంచి ఉక్కు నుంచి వచ్చే రవ్వలు కాకరపువ్వొత్తిలా చిటపటమని కొమ్మలుగా విచ్చుకుంటాయి. మామూలు ఇనుము రవ్వలు పొడవుగా, సూటిగా గీతల్లా సాగి ఆరిపోతాయి. నలభై ఏళ్లు కొలిమి వద్ద కూర్చున్నవారు ఆ రవ్వలను చూసి ఇది లారీ కమానా, ఇది రైలు పట్టానా అని చెప్పేయడం చూస్తే ముచ్చటేస్తుంది.

ఉలి తల వైపు కూడా చూడాలి. ఇనుప తల ఉన్నవి, ముఖ్యంగా రాయి, ఇనుము కొట్టేవి, సుత్తి దెబ్బలకు పువ్వులా విచ్చుకుని అంచులు వేలాడుతుంటాయి. అటువంటి వాటి మీద దెబ్బ వేస్తే ఆ అంచు ముక్క ఎగిరి కంట్లో పడుతుంది. తల నూరించి గుండ్రం చేశాకే వాడాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. కన్ను పోగొట్టుకున్నవారికి చిన్నది కాదు.

రంద, రంపం, రసమట్టం

కొయ్య రంద అడుగు భాగం అరిగిపోయి ఉంటే కంగారు లేదు, చదును చేసుకోవచ్చు. పుచ్చు పట్టిందేమో, పట్టీని బిగించే చీల దగ్గర చెక్క చీలిందేమో చూడాలి. ఇనుప రంద అయితే అసలు ముప్పు పగుళ్లే. పోత ఇనుము వంగదు, పగులుతుంది. కింద పడిన రంద నోటి పక్కన వెంట్రుకవాసి పగులు ఉన్నా మురికి కప్పేస్తుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, ఇక్కడా అదే పద్ధతి. పట్టీ తీసేసి చిన్న మేకుతో తట్టాలి. ఖంగుమంటే మంచిది. బీటవారిన కుండ మోత మోగితే అక్కడే పెట్టి రావాలి.

రంపాన్ని విల్లులా వంచి వదిలిపెట్టాలి. తిరిగి నిటారుగా వస్తే మంచి ఉక్కు. ఒంపు అలాగే మిగిలితే, లేదా నడుమ ఎక్కడో మడత ఉంటే కొనవద్దు. పళ్లు అరిగిపోయాయని తక్కువ ధరకు ఇస్తే మాత్రం అది లాభసాటి బేరం. మూడంచుల ఆకురాయితో పళ్లను పదును చేసుకుని, ఒకటి విడిచి ఒకటి కుడి ఎడమలకు కొద్దిగా వంచుకుంటే రంపం మళ్లీ కొత్తదే. కొత్తతరం వారిలో చాలామంది ఈ పని నేర్చుకోవడం లేదు. పదును పోతే పారేసే రంపాలు వచ్చాక అవసరం లేదనుకుంటున్నారు.

మూలమట్టం, రసమట్టం వంటి కొలత సాధనాల్లో మోసం కంటికి కనిపించదు, కట్టిన గోడలో కనిపిస్తుంది! అదృష్టవశాత్తూ వీటిని పరీక్షించేందుకు మరో సాధనం అక్కర్లేదు. మూలమట్టాన్ని నిటారు అంచున్న చెక్కకు ఆనించి ఒక గీత గీయాలి. దానిని బోర్లించి అదే చోట మరో గీత గీయాలి. రెండూ ఒకటిగా కలిస్తే మూల సరిగా ఉన్నట్లు. విడిపోతే ఎంత విడిపోయాయో అందులో సగం తప్పు ఆ సాధనంలో ఉన్నట్లు. రసమట్టాన్ని బల్లమీద పెట్టి బుడగ ఎక్కడ నిలిచిందో గుర్తు పెట్టుకుని, కుడి కొనను ఎడమకు తిప్పి పెట్టాలి. బుడగ అదే చోట నిలవాలి. బల్ల వాలుగా ఉన్నా ఫర్వాలేదు, ఈ పరీక్ష నెగ్గుతుంది. టేపు కొన వద్ద ఉండే కొక్కెం కొద్దిగా ముందుకూ వెనక్కూ కదులుతుంటుంది. అది వదులైపోయిందని కొందరు సుత్తితో కొట్టి బిగిస్తారు. ఆ కదలిక కావాలనే పెట్టింది. లోపలి కొలతకూ, బయటి కొలతకూ కొక్కెం మందం మేర తేడా రాకుండా చూసేది అదే.

కమ్మరి సామానులో దాగలి ముఖ్యమైనది. ట్రాక్టర్ పాత బేరింగులో నుంచి తీసిన ఉక్కు గోళీని మూరెడు ఎత్తు నుంచి దానిమీద వదిలితే దాదాపు అంత ఎత్తుకూ ఎగరాలి. తుప్పుమని కూలబడితే పైభాగం మెత్తబడిందన్నమాట.

తుప్పు వదిలించడానికి కిరోసిన్, ఇనుప తీగల బ్రష్షు సరిపోతాయి. నిమ్మరసం, చింతపండు గుజ్జు కూడా పనిచేస్తాయి. అయితే పులుపును రాత్రంతా వదిలేయకుండా గంటా రెండు గంటలకోసారి చూసుకోవాలి. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె రాయాలి. పిడికి నల్లతుమ్మ చేవకు మించినది మన దగ్గర లేదు. పచ్చి కర్రతో పిడి వేస్తే ఎండాకాలానికి వదులై గొడ్డలి తల ఊడి ఎగురుతుంది.

కమానుకట్టతో కొత్త జన్మ

పాతవాటిని కొనడమే కాదు, పాత ఉక్కుతో కొత్తవి చేయించుకోవడం కూడా మన కమ్మరులకు తరతరాల విద్య. లారీ కమాను పట్టీలతో గొడ్డలి, బాడిశ, కొడవలి చేస్తారు. దెబ్బలు తిని వంగి మళ్లీ లేవడం కమాను ఉక్కు స్వభావం. అరిగిన ఆకురాళ్లతో ఉలులు చేయిస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆకురాయి చాలా గట్టిది, అంతే పెళుసైనది. దానిని అలాగే సానపట్టి ఉలిగా వాడితే దెబ్బకు ముక్కలవుతుంది. కాల్చి, సాగగొట్టి, తిరిగి గట్టిపరిచి, ఆపై కాస్త వేడి చూపి పెళుసుదనం విరిచాకే అది ఉలి అవుతుంది. ఈ చివరి అంచె ఎగ్గొట్టే తొందర పనివారు కూడా లేకపోలేదు. కొలిమి దగ్గర నిలబడి చేయించుకోవడం మంచిది.

గల్ఫ్ నుంచి వచ్చిన యంత్రాలు

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ జిల్లాల్లో వలస వెళ్లి వచ్చినవారి ఇళ్లలో డ్రిల్లింగ్ యంత్రాలు, గ్రైండర్లు, కటింగ్ యంత్రాలు కనిపిస్తాయి. పని మానేసి వచ్చేటప్పుడు అక్కడే తక్కువ ధరకు కొని తెచ్చుకున్నవి, లేదా తోటి కార్మికులు ఇచ్చినవి. వీటిలో చాలావరకు గట్టివే. కానీ ప్లగ్గు పెట్టేముందు యంత్రం మీది రేకు ముక్క తప్పక చదవాలి.

గల్ఫ్‌లోని అనేక నిర్మాణ స్థలాల్లో కార్మికుల భద్రత కోసం 110 వోల్టుల యంత్రాలను ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా నడుపుతారు. మన ఇళ్లలో సరఫరా 230 వోల్టులు. 110 అని రాసి ఉన్న యంత్రాన్ని నేరుగా పెడితే, మీట నొక్కిన కొద్ది క్షణాల్లోనే పొగ వస్తుంది. అమెరికాలోని బంధువులు పంపిన వాటిదీ ఇదే కథ, అక్కడి సరఫరా 120 వోల్టులు. తగిన సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటేనే వీటిని కొనాలి, దాని ధరను కూడా లెక్కలో వేసుకోవాలి. సౌదీ నుంచి తెచ్చిన వాటితో ఇంకో చిక్కు ఉంది. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. కార్బన్ బ్రష్‌లతో నడిచే డ్రిల్లు, గ్రైండరు వంటివి దీనిని పట్టించుకోవు. నీటి మోటారు, గాలి కంప్రెసరు వంటివి మాత్రం ఆరో వంతు వేగం తగ్గి, ఎక్కువ వేడెక్కుతాయి.

ఏ దేశం నుంచి వచ్చినా కొన్ని పరీక్షలు ఒకటే. నడిపి చూడకుండా కొనవద్దు. గాలి వచ్చే రంధ్రాల వద్ద వాసన చూడాలి. కాలిన వార్నిషు వాసన ఒకసారి పడితే పోదు. లోపల చిన్న రవ్వలు సహజమే, నిప్పుల వలయంలా కనిపిస్తే కాదు. తీగ మొదట్లో, యంత్రంలోకి వెళ్లే చోట, టేపు చుట్టి ఉంటే విప్పించి చూడాలి. బ్యాటరీతో నడిచేవైతే యంత్రం బాగున్నా బ్యాటరీ చచ్చి ఉండవచ్చు. ఆ రకం బ్యాటరీ ఇప్పటికీ మార్కెట్లో దొరుకుతోందో లేదో కనుక్కున్నాకే బేరం.

గ్రైండరుకు రక్షణ తొడుగు లేకపోతే ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకూడదన్నది ఈ విలేకరి అభిప్రాయం. పాత యంత్రంతో పాటు ఉచితంగా ఇచ్చే పాత డిస్కులు మరీ ప్రమాదకరం. కోసేందుకు, నూరేందుకు వాడే జిగురు డిస్కుల నడుమ లోహపు వలయం మీద గడువు తేదీ ఉంటుంది. సాధారణంగా తయారీ నుంచి మూడేళ్లు. తేమకు, కాలానికి జిగురు బలహీనపడిన డిస్కు తిరిగే వేగానికి పగిలి తుపాకీ గుండులా దూసుకొస్తుంది. ఇక గ్రైండరుకు పళ్ల బ్లేడు తగిలించి కట్టె కోయడం మన దగ్గర రివాజుగా మారింది. ఆ బ్లేడు కట్టెలో చిక్కుకుంటే యంత్రం ఒక్కసారిగా వెనక్కి తన్నుతుంది. తొడల మీద, మెడ మీద గాయాలతో ఆసుపత్రులకు చేరుతున్నది ఇలాగే.

కాగితం ముక్క విలువ

పాత సామాను కొనుగోలులో మనవారు అస్సలు పట్టించుకోనిది రసీదు. 1930 నాటి సరకుల విక్రయ చట్టం ప్రకారం అమ్మేవాడికి లేని హక్కు కొన్నవాడికి సాధారణంగా రాదు. అంటే దొంగ సొత్తును సొమ్ము చెల్లించి కొన్నా అది మనది కాదు. అసలు యజమాని వచ్చి చూపిస్తే తిరిగి ఇవ్వాల్సిందే. దొంగ సొత్తు అని తెలిసి, లేదా అలా నమ్మేందుకు కారణం ఉండి కూడా తీసుకుంటే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. పొలాల వద్ద మోటార్లు, తీగలు మాయమవడం మనం తరచూ వింటున్నదే. సగం ధరకు, రాత్రిపూట, పేరు చెప్పని మనిషి ఇచ్చే మోటారు జోలికి పోకపోవడం మేలు. అమ్మినవారి పేరు, ఊరు, ఫోను నంబరు, వస్తువు మీది నంబరు, తేదీ, ధర రాసి సంతకం పెట్టించుకుంటే చాలు. తెల్లకాగితమైనా ఫర్వాలేదు.

ట్రాక్టరు వంటి వాహనాల విషయంలో తెల్లకాగితం చాలదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం బదిలీ సంగతిని అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. రుణం తీరినట్లు ఫైనాన్సు సంస్థ ఇచ్చే పత్రంతో రిజిస్ట్రేషను పుస్తకంలో ఆ నమోదు తొలగించుకోవాలి. ట్రాక్టరు అమ్మేసి డబ్బు తీసుకున్నాం కదా, ఇక మనకేమిటి అనుకునే రైతులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వాహనం ఎందరి చేతులు మారినా ప్రమాదం జరిగిన నాటికి రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉంటే వారే యజమానిగా పరిహారానికి బాధ్యులని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇచ్చేవారికి నాలుగు మాటలు

ఇంట్లో పనివాడు పని మానేసినా, కన్నుమూసినా సామానును తూకానికి వేయకముందు అదే వృత్తిలోని ఒకరిని పిలిచి చూపించడం కనీస జాగ్రత్త. కిలోల లెక్కన అమ్మితే మంచి ఉలికీ, తుప్పు మేకుకూ ఒకటే ధర. విడివిడిగా అమ్మాలని ఆశపడి రందను ఒకరికి, దాని పట్టీని మరొకరికి ఇవ్వవద్దు, రెండూ వృథా అవుతాయి. డ్రిల్లు ఇస్తే దాని తాళం కూడా ఇవ్వాలి. లోపం ఉంటే దాచకుండా చెప్పాలి. పదునైన వాటిని గుడ్డ చుట్టి ఇవ్వాలి. ఇనుమును చేతికి చేయి అందించకుండా నేలమీద పెట్టి ఇచ్చే మన పెద్దల ఆచారంలో కత్తి అంచు నుంచి రక్షణ కూడా ఉందని నాకు అనిపిస్తుంది.

అరువు ఇవ్వడం వేరు సంగతి. 'పనిముట్టు అరువిస్తే పని ఆగుతుంది' అని ముఖం చాటేసే మేస్త్రులను తప్పు పట్టలేం. తీసుకున్నవారు మొండి చేసి తెచ్చి ఇచ్చేదే ఎక్కువ. అరువు తీసుకున్న ఉలిని నూరి తిరిగి ఇచ్చేవారికి మాత్రం ఏ ఊళ్లోనూ కాదనే మాట ఎదురవదు.

మొదట చెప్పిన యువకుడి సంగతి. గత దసరాకు ముందు ఆ ఇంటి నుంచి అతడికి కబురు వచ్చింది. అటక దులుపుతుంటే చెక్కపెట్టెలో ఒక రంద, ఒక బర్మా, నూనె గుడ్డలో చుట్టిన మూలమట్టం దొరికాయట. వెళ్లి చూశాడు. మూలమట్టాన్ని అటూ ఇటూ తిప్పి గీతలు గీశాడు, కలిశాయి. ఎంత ఇమ్మంటావమ్మా అని అడిగితే ఆమె ఐదు వందలు చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు. వీధి తలుపు వానకు ఉబ్బి గడపకు రాసుకుంటోంది, ఆయన ఉన్నప్పుడు ప్రతి ఏడూ చూసేవాడు, అది కాస్త సరిచేసి వెళ్లమని. అతడు తలుపు ఊడదీసి, వాకిట్లో పడుకోబెట్టి, ఆ రందతోనే అడుగు అంచు మీద నాలుగు సార్లు తోశాడు. పట్టీకి అప్పటికే పదును ఉంది.